రేపటి విస్తరికి నేటి లెక్క

దేశమునందలి భోజనశాలల విక్రయము 2028 నాటికి 7.76 లక్షల కోట్ల రూపాయలకు చేరునని వర్తకసంఘము వారి అంచనా. ఆ సంఖ్య యెంత విశాలమో, దాని చాటున చిన్న హోటలుకు మిగులు చోటు అంత ఇఱుకు. ఆ లెక్కను విప్పి చదువుటకే యీ వారపు ముఖచిత్ర కథనము.

మధ్యాహ్నపు భోజనముల సందడి సద్దుమణిగి, విస్తళ్లెత్తి, బల్లలు తుడిచిన పిమ్మట, తెలుగునాట ఏ యూరి హోటలులోనైనను గల్లాపెట్టె యొద్ద కూర్చున్న యజమాని లోపలి వంటమాస్టరు నడుగు ప్రశ్న యొకటి యున్నది: రేపటికి మినపప్పు ఎంత నానవేయుదము? ఆ గడియలో నానిన పప్పు సాయంకాలమునకు గ్రైండరు చేరి, రాత్రియంతయు పులిసి, తెల్లవాఱుసరికి ఇడ్లీపాత్ర కెక్కును. అది చాలకపోయినచో తొమ్మిది గంటలకే ‘ఇడ్లీ అయిపోయినది’ అని వచ్చినవారిని త్రిప్పి పంపవలెను. మిగిలినచో పుల్లబడిన పిండిని, దానితోపాటు పప్పునకును, కరెంటునకును, కూలికిని పెట్టిన సొమ్మును పాఱబోయవలెను. బట్టల వర్తకుడు ఈ పండుగకు అమ్ముడుపోని చీరను వచ్చు పండుగకు దాచుకొనగలడు. బంగారపు వర్తకునకు నిలువయే యొకప్పుడు లాభము కావచ్చును. వండిన అన్నమునకు మాత్రము ఆయుర్దాయము ఒక్క పూటయే. అందువలన ఈ వర్తకమునందు వంట యెంత ముఖ్యమో, రేపు ఎందఱు వత్తురో ముందుగా ఊహించుటయు అంతే ముఖ్యము.

ఈ యూహను తరతరములుగా యజమానులు తమ జ్ఞాపకముననే నిలుపుకొనిరి. గడచిన పదేండ్లలో అది వారి చేయి విడిచి, దూరనగరములందలి సంస్థల యంత్రములలోనికి మెల్లమెల్లగా తరలిపోవుచున్నది. రేపటి గిరాకీ యెఱిగినవానిదే భోజనశాలల వర్తకము. ఆ యెఱుక యెవరి చేతనున్నదో, రాబోవు దశాబ్దపు లాభము వారి చేతికే చేరును. విక్రయములను గూర్చిన అంచనాలను, పట్టికలను ఈ దృష్టితో చదివినప్పుడే వానియందలి వెలుగును, వాని చాటునున్న నీడయు స్పష్టమగును.

వంటింటి నుండి వీధికి

జనులు నిజముగానే బయటి తిండి యెక్కువగా తినుచున్నారా యను ప్రశ్నకు ప్రభుత్వ గణాంకములే సమాధానము చెప్పుచున్నవి. 2023-24లో కేంద్ర గణాంకశాఖ జరిపిన గృహవినియోగ వ్యయ పరిశీలన ప్రకారము, పట్టణవాసి నెలవ్యయములో ఆహారము పాలు 39.68 శాతము, అందు పానీయములు, ఫలహారములు, తయారైన ఆహారము అను నొక్క పద్దునకే 11.09 శాతము పోవుచున్నది. అనగా పట్టణమున తిండికై పెట్టు ప్రతి నూఱు రూపాయలలోను దాదాపు ఇరువది యెనిమిది రూపాయలు ఈ పద్దు క్రిందికి వచ్చును. పల్లెలలో నాహారము పాలు 47.04 శాతము కాగా, అందీ పద్దు 9.84 శాతము. ఇందు బిస్కత్తులును, టీపొడియు వంటివి కూడ కలిసియున్నమాట నిజమే. అయినను పట్టణములందును పల్లెలయందును పాలకన్న, కూరగాయలకన్న, ధాన్యములకన్న ఈ పద్దే పెద్దదిగా నిలిచినదను సత్యమును కాదనుటకు వీలులేదు. 1999-2000లో గ్రామీణ కుటుంబపు వ్యయములో ధాన్యముల పాలు సుమారు 22 శాతము. 2022-23 నాటికి అది 5 శాతము లోపునకు పడిపోయెను.

సంపద పెరిగినకొలది వ్యయములో తిండి పాలు తగ్గునని 1857లో ఎర్నెస్టు ఎంగెల్ అను జర్మను గణాంకవేత్త సూత్రీకరించెను. ఆ సూత్రము మన దేశమునందును నిజమైనది. అయితే తగ్గుచున్న ఆ పాలులోనే మఱియొక మార్పు జరిగినది: బియ్యము, జొన్నలు కొను సొమ్ము కుదించుకొనిపోగా, ఒకరు వండిపెట్టిన దానిని కొను సొమ్ము విస్తరించినది.

ఈ మార్పు వెనుక తెలుగు నగరముల జీవితము నిలిచియున్నది. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ శిక్షణాలయములకు వచ్చి హాస్టళ్లలో నుండు లక్షలాది యువజనులును, మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయములకు ప్రొద్దున పోయి రాత్రి తిరిగివచ్చు దంపతులును, ఇంట పెద్దలు లేక చిన్న కుటుంబములుగా విడిపోయినవారును మూడు పూటలును వంటింట నిలుచుట దుస్సాధ్యము. తరతరములుగా వంటచాకిరి మొత్తము స్త్రీ భుజములపైననే మోపిన సమాజమునకు, ఆ భారములో నొక భాగమును వీధిలోని పొయ్యి పంచుకొనుట క్షేమకరమైన పరిణామమనియే నా నమ్మకము. 1953లో సికిందరాబాదున సినిమాహాలు ప్రక్క చిన్న క్యాంటీనుగా పుట్టిన ప్యారడైజ్ నేడు బిర్యానీ పేరుతో ఇతర నగరములకు విస్తరించుటను అందఱు చెప్పుకొందురు. కాని అంతకన్న సునిశితమైన తెలుగు సృష్టి కర్రీ పాయింటు. అన్నము ఇంటనే కుక్కరులో పెట్టుకొని, పప్పు, వేపుడు, సాంబారు, పచ్చడి మాత్రము వీధిచివర పొట్లములలో కొనితెచ్చుకొను ఈ యేర్పాటు ఇంటికిని హోటలుకును నడుమ మూడవ మార్గమై, మధ్యతరగతి యిల్లాలికి సాయంకాలమునందలి రెండు గంటల విరామమును ప్రసాదించినది. దీనికి మేడలక్కఱలేదు, బల్లలక్కఱలేదు. పది గిన్నెలు, నలుగురు మనుష్యులు, చుట్టుప్రక్కల యిండ్లవారి రుచి తెలిసిన నాలుక చాలును.

పంచాంగమే పట్టిక

చుట్టుప్రక్కలవారి రుచి తెలియుట యనగా వారి కాలగమనము తెలియుట. తెలుగునాట భోజనశాలల గిరాకీ గోడమీది క్యాలెండరును, పంచాంగమును ఒకేసారి అనుసరించి నడచును. ఆదివారమునాడు మాంసపు హోటలు కిటకిటలాడును. శనివారము, సోమవారము, గురువారము నోములవలన కొందఱు మాంసము ముట్టరు. శ్రావణమున కోడిమాంసపు విక్రయము తగ్గును, కార్తికమున మఱింత తగ్గును. ఆ రోజులలోనే అయ్యప్పదీక్షలు తీసికొన్నవారు నలుబదియొక్క దినములు మాంసమునకు దూరమగుదురు. అదే కాలమున శాకాహార హోటలుకు బేరము పెరుగును. రంజాను మాసము వచ్చినచో హైదరాబాదు వీధులలో హలీము బట్టీలు వెలయును. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ వంటకము కొన్ని హోటళ్లకు ఒక్క నెలలోనే సంవత్సరపు ఆదాయములో గణనీయమైన భాగమును తెచ్చిపెట్టును. సంక్రాంతికి హైదరాబాదు ఖాళీయై మెస్సులు తాళము వేసికొనగా, భీమవరము, రాజమహేంద్రవరము హోటళ్లలో అడుగు పెట్టుటకు చోటుండదు.

క్యాటరింగు వృత్తివారి సంగతి యింకను విచిత్రము. వారి యేడాది విక్రయముల అంచనా ఉగాదికి ముందే అచ్చై బజారున దొరకును. ఏ మాసమున ఎన్ని ముహూర్తములున్నవో, శుక్రమూఢము గాని గురుమూఢము గాని యెన్నాళ్లున్నదో పంచాంగము తెఱచి చూచినవాడు, తన వంటవారిలో నెందఱికి ఏ నెలలో పని యుండునో, ఎవరికి ముందుగా అడ్వాన్సు ఇచ్చి నిలుపుకొనవలెనో నిర్ణయించుకొనును. మూఢములో పాత్రలకు కళాయి పూయించుకొనును. ముహూర్తములు వచ్చుసరికి కూరగాయల మండీలో మాట యిచ్చి యుంచును.

ఇవి గాక నెల మొదటి వారమున జీతములందినప్పటి ఉత్సాహమును, నెలాఖరున మీల్స్ మాని టిఫినుతో సరిపుచ్చుకొను పొదుపును, పరీక్షల కాలమున హాస్టలు పిల్లల రాత్రి టీలును, వాన కురిసిన సాయంకాలమున బల్లలు ఖాళీయై పార్సిళ్లు పెరుగుటయు నున్నవి. ఆకస్మికముగా వచ్చు విఘాతములు వేఱు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారములలో బర్డ్ ఫ్లూ కనబడగా, వ్యాధి సోకని జిల్లాలలో కూడ జనులు కోడికూరకు వెఱచిరి. నాడు వంటకముల పట్టికను వెంటనే చేపలకు, రొయ్యలకు, వేటమాంసమునకు త్రిప్పుకొన్న హోటళ్లు నిలదొక్కుకొన్నవి. ఇట్టి చురుకుదనము దూరమున కూర్చున్న లెక్కలవానికి పట్టుబడదు. అది గల్లాపెట్టె యొద్ద కూర్చుండి ముఖములు చూచువానికే అలవడు విద్య.

అంచనాలు పలికినది, కాలము చేసినది

ఇక దేశవ్యాప్తమగు అంచనాలను చూతము. 1982లో ఏర్పడిన భారత జాతీయ రెస్టారెంట్ల సంఘము వారు 2019లో ప్రకటించిన నివేదికలో, 2018-19లో దేశపు భోజనశాలల విక్రయము సుమారు 4.23 లక్షల కోట్ల రూపాయలనియు, ఏటికి 9 శాతము చొప్పున పెరిగి 2022-23 నాటికి సుమారు 5.99 లక్షల కోట్లగుననియు చెప్పిరి. ఆ గణితములో దోషము లేదు. కాని కరోనా వలన 2020 మార్చి 25న దేశమంతయు తలుపులు మూసికొనెను. కూర్చుండి తినుటకు జూన్ 8 వఱకు అనుమతియే లేకపోయెను. అనుమతి వచ్చిన పిమ్మటను భయము వీడలేదు. వంగదేశమునుండి, ఒడిశానుండి, బీహారునుండి వచ్చి మన నగరముల వంటశాలలను నడుపుచున్న శ్రామికులు స్వగ్రామములకు మరలిరి. కార్యాలయములు ఇండ్లలోనికి మాఱుటతో మాదాపూర్ వీధులలోని టిఫిను బండ్లకు ఆధారమే తొలగెను. 2020-21లో విక్రయము సుమారు 2 లక్షల కోట్లకు, అనగా రెండేండ్ల క్రిందటి దానిలో సగమునకు లోపునకు, కూలిపోయెను.

ఇది మన దేశమునకే వచ్చిన ఆపద కాదు. అమెరికాలో 1919 నుండి నడచుచున్న జాతీయ రెస్టారెంట్ సంఘము 2020 సంవత్సరమునకు 899 బిలియను డాలర్ల విక్రయమును ఊహించెను. సంవత్సరాంతమున చూచుకొనగా అందు 240 బిలియనులు తక్కువ పడెను. లోకమున మిక్కిలి అనుభవము గల లెక్కరులకే యిట్లయ్యెనన్నచో, అంచనా యనునది నిన్నటి దారి రేపును అట్లే సాగునను షరతుపైన చెప్పు మాటయని పాఠకుడు గ్రహింపవలెను.

2024లో మన దేశపు సంఘము వారి క్రొత్త నివేదిక వచ్చెను. దాని ప్రకారము 2023-24 విక్రయము 5.69 లక్షల కోట్లు, ఏటికి 8.1 శాతము చొప్పున పెరిగి 2027-28 నాటికి 7.76 లక్షల కోట్లగును. ఈ రంగమునందు పనిచేయువారు 85.5 లక్షల నుండి 1.03 కోట్లకు పెరుగుదురు. ఉత్సాహము కలిగించు సంఖ్యలే. అయితే రెండు నివేదికలను ప్రక్కప్రక్కన పెట్టి చదివినచో మఱియొక సంగతి బయటపడును. 2018-19 నుండి 2023-24 వఱకు ఐదేండ్లలో విక్రయము 4.23 నుండి 5.69 లక్షల కోట్లకు, అనగా మొత్తముమీద సుమారు 34 శాతము పెరిగెను. అదే యైదేండ్లలో చిల్లర ధరల సూచి ఏటేట సుమారు 5 నుండి 7 శాతము వఱకు పెరిగి, కూడి సుమారు 32 శాతమైనది. ఇండొనేషియా 2022 ఏప్రిలులో పామాయిలు ఎగుమతి నిలుపుట, ఉక్రెయిను యుద్ధముచే సన్‌ఫ్లవరు నూనె రాకపోవుట ఆ సంవత్సరమున మన పూరీల మూకుడు వఱకు వచ్చి తాకెను. కావున రూపాయలలో కనబడిన వృద్ధిలో నత్యధిక భాగము ధరల వృద్ధియే. వడ్డించిన విస్తళ్ల సంఖ్య యైదేండ్ల క్రిందటి చోటికి తిరిగి చేరి, దానిపైన అత్యల్పముగా కదిలినదని చెప్పవలెను.

విక్రయమును చదువునప్పుడు పాటింపవలసిన రెండవ జాగ్రత్త, క్రొత్త శాఖల విక్రయమును పాత శాఖల విక్రయముతో కలిపి మురియకుండుట. మన దేశమున డామినోస్ పిజ్జాశాలలను నడుపు జుబిలెంట్ సంస్థ 2023-24లో అంతకంతకు శాఖలను పెంచుకొనుచునే యుండెను. కాని పాత శాఖలలో అంతకుముందటి యేటితో పోల్చిన విక్రయము ఆ సంవత్సరపు మొదటి మూడు త్రైమాసికములలోను తగ్గెను. మొత్తము పెరుగుచుండగనే ఒక్కొక్క పొయ్యి చల్లబడుట యిట్లు సాధ్యమగును.

ఒకే పట్టికలో రెండు జాతకములు

2024 నివేదికలో మఱియొక వివరమున్నది. వ్యవస్థీకృత రంగము, అనగా లైసెన్సులు, లెక్కలు, శాఖలు గల సంస్థల సమూహము, ఏటికి 13.2 శాతము పెరుగుననియు, మొత్తము విక్రయములో దాని పాలు సుమారు 44 నుండి 53 శాతమునకు చేరుననియు అందు చెప్పిరి. ఈ వాక్యమును పత్రికలన్నియు శుభవార్తగనే ప్రకటించినవి. కాని మిగిలినవారి మాటేమి? మొత్తములో నుండి ఆ భాగమును తీసివేసినచో, టిఫిను బండి, మెస్సు, కర్రీ పాయింటు, మిలిటరీ హోటలు, రహదారి ప్రక్కని పూరిపాక భోజనశాల కలిసిన అవ్యవస్థీకృత రంగము నాలుగేండ్లలో సుమారు 3.19 లక్షల కోట్ల నుండి 3.65 లక్షల కోట్లకు మాత్రమే చేరునని తేలుచున్నది. అది ఏటికి మూడున్నర శాతము కన్న తక్కువ. ధరలు సాధారణముగా ఏటికి నాలుగైదు శాతము పెరుగు దేశములో మూడున్నర శాతపు వృద్ధి నిజమునకు క్షీణతయే. ఒకే పట్టికలో ఒకరి జాతకమున రాజయోగమును, మఱియొకరి జాతకమున క్షయమును వ్రాసియున్నవి. మొదటిదానినే మనము గట్టిగా చదువుచున్నాము.

ఈ క్షీణత మనకేల పట్టవలెను? కూలికి పోవుచు ప్రొద్దుననే రెండు ఇడ్లీలు తినువాడు, ఆసుపత్రి యెదుట బంధువునకై కాచుకొని యొక ప్లేటు మీల్స్ తినువాడు, ఆటో నిలిపి పెసరట్టు తినువాడు పెద్ద సంస్థల బల్లలయొద్దకు పోరు, పోలేరు. ప్రభుత్వములు ఐదు రూపాయల భోజనపు క్యాంటీనులు తెఱచుట, ఆంధ్రప్రదేశమున 2019లో మూతపడిన అన్న క్యాంటీనులు 2024 ఆగస్టులో మరల తెఱచుకొనుట, ఈ యవసరమునకు నిదర్శనములు. కాని ఆ క్యాంటీనులకును నక్షత్రపు హోటళ్లకును నడుమనున్న విశాలమైన చోటును నింపునది చిన్న హోటలే. అది మాయమైనచో నగరమున పేదవానికి గౌరవముతో సొమ్ము చెల్లించి తిను చోటు తఱుగును. వంట తప్ప వేఱు విద్య యెఱుగని వేలకొలది స్త్రీలకు స్వతంత్ర జీవనోపాధి తఱుగును.

రెండు వందల రూపాయల పొట్లము

విక్రయము పెరిగినంత మాత్రమున వర్తకము నిలువదనుటకు దక్షిణదేశపు హోటళ్ల చరిత్రలోనే ప్రసిద్ధమైన దృష్టాంతమున్నది. బెంగళూరున 1924లో నెలకొన్న మావళ్లి టిఫిన్ రూమ్సు అత్యవసర పరిస్థితి కాలమున, ప్రభుత్వము తినుబండారముల ధరలను బలవంతముగా తగ్గించినప్పుడు, నాణ్యము తగ్గించుటకు సమ్మతింపక నష్టమునకే అమ్మి, తుదకు తలుపులు మూసి, పొడుల పొట్లములు, మిశ్రమములు విక్రయించు వృత్తికి దిగెను. హోటలు మరల తెఱచుకొనుటకు కొన్నేండ్లు పట్టెను. ప్లేటు ప్లేటునకు నష్టము వచ్చుచున్నప్పుడు బారులు తీరిన జనము యజమానికి ఆస్తి గాదు, అప్పు.

నేడు చిన్న హోటలు నెదుర్కొనుచున్న లెక్క యిట్లుండును. 2008లో చిన్నగా మొదలైన జొమాటో, 2014లో బెంగళూరున మొదలైన స్విగ్గీ దేశమంతట ఇంటింటికి తిండి చేర్చు వ్యవస్థలైనవి; బిర్యానీ యేటేట స్విగ్గీ పట్టికలో అగ్రస్థానమున నిలుచుట, అందు హైదరాబాదు ముందుండుట తెలుగువారికి తెలిసినదే. సాధారణముగా ఈ సంస్థలు హోటలునుండి 15 మొదలు 30 శాతము వఱకు కమీషను తీసికొనును. ఉదాహరణకు 200 రూపాయల పొట్లముపై 25 శాతము కమీషను 50 రూపాయలు, దానిపై 18 శాతము జీఎస్టీ 9 రూపాయలు, మిగిలినది 141. సరుకు 70, డబ్బా సంచి 10 పోగా 61 రూపాయలలో అద్దె, జీతములు, సిలిండరు, కరెంటు, యజమాని సంసారము అన్నియు సాగవలెను. 2017 నవంబరు 15 నుండి హోటలు భోజనముపై జీఎస్టీని 5 శాతమునకు తగ్గించినప్పుడు, హోటలు తాను చెల్లించిన పన్నును మినహాయించుకొను హక్కును తొలగించిరి. అందుచే ఆ తొమ్మిది రూపాయలు గాని, దుకాణపు అద్దెపై చెల్లించు పన్ను గాని తిరిగి రావు. అవన్నియు ఖర్చులోనే కలియును. 2025 సెప్టెంబరు 22 నుండి నేతిమీద, వెన్నమీద పన్ను 12 నుండి 5 శాతమునకు తగ్గుట ఇట్టివారికి నేరుగా మేలు చేసిన చర్య.

కమీషను కన్న లోతైన నష్టము వేఱొకటి. పూర్వము హోటలు యజమాని తన వాడుకరి ముఖమెఱిగియుండెను. ఎవరికి కారము పనికిరాదో, ఎవరు నెలాఖరున అరువు పెట్టుదురో అతనికి తెలియును. యాప్ ద్వారా వచ్చిన ఆర్డరులో వంటకము పేరుండును, వాడుకరి చిరునామా, ఫోను నంబరు సాధారణముగా హోటలుకు దక్కవు. 2019లో రెస్టారెంట్లు ఈ సంస్థలపై చేసిన ఆందోళనలో అధికమగు తగ్గింపులతోపాటు ఈ సమాచార నిరాకరణయు ముఖ్యమైన అభియోగముగ నుండెను. జాతీయ రెస్టారెంట్ల సంఘము వారి ఫిర్యాదుపై 2022 ఏప్రిలులో పోటీ వ్యవహారముల కమిషను దర్యాప్తునకు ఆదేశించెను. సంస్థలకు మాత్రము ఏ పేటలో ఏ గంటకు ఏమి కోరుచున్నారో మాత్రమే గాక, ఏమి వెదకి దొరకక వెనుదిరిగినారో కూడ తెలియును. రేపటి గిరాకీని గూర్చిన యెఱుక చేయి మాఱుట యనగా నిదియే.

అమ్మకము వేఱు, గిరాకీ వేఱు

ఇక్కడనే చిన్న హోటలువారు గ్రహింపవలసిన సూక్ష్మమొకటి గలదు. సాయంకాలము గల్లాపెట్టెలో తేలిన సొమ్ము ఆనాటి అమ్మకము మాత్రమే. ఆనాటి గిరాకీ కాదు. ఇడ్లీ తొమ్మిదింటికే అయిపోయిన దినమున, పది గంటల వఱకు వచ్చి మరలిపోయినవారు ఏ పుస్తకమునకు ఎక్కలేదు. నిన్న నూటయేబది ప్లేట్లు అమ్ముడైనవని నేడును నూటయేబదికే పిండి రుబ్బినచో, లోపము నిత్యమై నిలుచును.

గణితశాస్త్రమునందు వార్తాపత్రికలమ్ము బాలుని సమస్యయని పేరొందిన ప్రశ్న యొకటి యున్నది. సాయంకాలమునకు విలువ కోల్పోవు సరకును ప్రొద్దున ఎంత కొనవలెనను ఆ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు చెప్పిన సమాధానము హోటలుకును అక్షరాల వర్తించును: మిగిలిన నష్టమును, చాలనప్పుడు పోయిన లాభమును తూచి నిర్ణయింపుము. ప్లేటు ఇడ్లీ 40 రూపాయలు, దాని సరుకు 12 రూపాయలైనచో, మిగిలిన ప్లేటుకు నష్టము 12, చాలని ప్లేటుకు పోయిన లాభము 28. అప్పుడు పది దినములలో ఏడు దినములకైనను చాలునంత పిండి రుబ్బుట మేలు. బిర్యానీ 250 రూపాయలు, దాని సరుకు 125 అయినచో రెండు నష్టములును సమానము. పది దినములలో ఐదు దినములకు చాలునంత వండి, మిగిలిన దినములలో ‘అయిపోయినది’ అనుటకు జంకకుండుట వివేకము. పెసరట్టు, ఉప్మా వంటివి పులియబెట్టు పని లేనివి గనుక తఱుగు పడిన పూట ఆదుకొనుటకు వానిని చేతికందుబాటున నుంచుకొనవలెను. పాత వంటమాస్టర్లు ఈ సూత్రము చదువకయే పాటించిరి. వారి అనుభవమును కాగితమునకెక్కించుటయే నేటి కర్తవ్యము.

అందుకు పెద్ద యంత్రములక్కఱలేదు. తేది, వారము, తిథి, వాన, చుట్టుప్రక్కల పెండ్లి గాని సభ గాని పరీక్ష గాని, వండినది ఎంత, మిగిలినది ఎంత, అన్నిటికన్న ముఖ్యముగా ఏ పదార్థము ఏ గంటకు అయిపోయినది, ఈ యెనిమిది గళ్లతో నొక పుస్తకము పెట్టి, ఒక సంవత్సరము తప్పక వ్రాసినచో, ఆ వీధి గిరాకీని గూర్చి యే నగరపు సంస్థకును లేని జ్ఞానము ఆ యజమానికి లభించును. గల్లాపెట్టె యొద్దనున్న కూతురో కొడుకో ఫోనులోనే దీనిని వ్రాయగలరు. పార్సిలు తీసికొనిపోవువారి నంబరు అడిగి వ్రాసికొనుట, మఱునాటి వంటకములను వారికి తెలియజేయుట, ఇట్టి చిన్న పనులే చేజాఱిన వాడుకరిని మరల దగ్గఱ చేయును.

చేయదగినది

యజమాని ప్రయత్నము ఒక్కటియే చాలదు. వాడుకరి సమ్మతించిన పక్షమున అతని వివరములు వండినవానికి చేర్చుట చేరవేయు సంస్థల ధర్మము. కమీషను, ప్రకటనల వ్యయము, తగ్గింపుల భారము ప్రతి బిల్లుపైనను విడివిడిగా చూపుట దానికి తోడు. వీధి వర్తకుల రక్షణకై 2014లో చేసిన చట్టము ప్రకారము పట్టణ విక్రయ సంఘములు స్థలములు గుర్తించి యీయవలెను. టిఫిను బండిని ఒక వీధినుండి మఱియొక వీధికి తరిమినప్పుడు చక్రములు మాత్రమే కదలవు. అక్కడ ఎవరు ఎన్నింటికి వచ్చి ఏమి తిందురో యేండ్ల తరబడి కూర్చుకొన్న యెఱుక సమూలముగా నశించును. 2020 జూనులో మొదలైన స్వనిధి పథకము పది వేల రూపాయల తొలి ఋణమిచ్చి చేయూతనిచ్చెను. స్థిరమైన చోటు దానికి తోడైననే ఆ ఋణము ఫలించును.

రాబోవు కాలమును గూర్చి నాకు నిరాశ లేదు. ప్రొద్దుటి టిఫిను గిరాకీ తగ్గుటకు కారణము కనబడదు. తక్కువ ధర, నడచిపోవు దూరము, వేడి వేడి వడ్డన అను మూడును కూడిన పదార్థమును మోటారు సైకిలుపై వచ్చు పొట్లము సులభముగా ఓడింపలేదు. 2024 అక్టోబరులో స్విగ్గీ ఆరంభించిన పది నిమిషముల పంపిణీ కూడ దగ్గఱి హోటలులోని సిద్ధమైన వంటకముపైననే ఆధారపడియున్నది. అనగా పొరుగున పొయ్యి యుండుట యొక్క విలువను పెద్ద సంస్థలే ఒప్పుకొన్నవి. ఇంటి అన్నమునకు వీధి కూర తోడగు అలవాటు నగరములనుండి మండల కేంద్రములకు విస్తరించుచున్నది. రుచి యందు, సమయము యందు, ధర యందు వీధిని ఎఱిగినవానికి భవిష్యత్తున్నది.

కావున తరువాతి నివేదిక వచ్చినప్పుడు ఎన్ని లక్షల కోట్లని అడిగి ఊరకుండరాదు. ధరల పెరుగుదల తీసివేసిన పిమ్మట వడ్డించిన విస్తళ్లు పెరిగినవా? పాత హోటళ్ల గిరాకీ నిలిచినదా? ఐదేండ్ల క్రిందట తెఱచిన చిన్న హోటళ్లలో ఎన్ని నేటికిని పొయ్యి వెలిగించుచున్నవి? వంటమాస్టరు జీతము బియ్యపు ధరతో సమముగా నడచినదా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానములు మొత్తపు సంఖ్య ప్రక్కనే అచ్చు కావలెనని వర్తకసంఘములను, ప్రభుత్వ గణాంకశాఖలను కోరుట మన హక్కు. చిన్న హోటలు పాలు నూటికి నలుబదియేడుకు తగ్గునని చెప్పిన అంచనా బ్రహ్మలిఖితము కాదు. దానిని తప్పించు పని నేటినుండి మొదలు పెట్టవచ్చును.